ఏడిస్తే గానీ ఊరుకోని సూరమ్మ

సూరమ్మ గురించి చెప్పమంటే ముందు నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలండీ. నా పేరు కెజియా. ఏలూరులో ఉంటాను. పొద్దున్నే బస్సెక్కి గుండుగొలను దగ్గర హైవే పక్కనున్న హ్యాపీ పెలికన్ వాటర్ పార్కు ముందు దిగుతాను. టిక్కెట్లిచ్చేదాన్నీ నేనే, మైకులో అనౌన్స్ చేసేదాన్నీ నేనే, కంప్లయింట్ల పుస్తకం రాసేదాన్నీ నేనే. జనానికి ఎవర్నైనా తిట్టాలనిపిస్తే వచ్చేదీ నా కిటికీ దగ్గరికే. నాకు కోపం ఎక్కువని మా అమ్మ అంటూ ఉంటుంది. మే నెలలో ఆ రేకుల గదిలో మిట్టమధ్యాహ్నం కూర్చోమనండి ఆవిణ్ణి, అప్పుడు చూద్దాం.

పార్కు భాస్కరరావు గారిది. ఆయన పూర్వం చేపల చెరువులు చేసేవారు. కొల్లేరు పక్షుల అభయారణ్యం హద్దు ఎక్కడిదాకా అన్న తగువులో ఆయన చెరువులు కొన్ని హద్దుకి అటుపక్కన తేలాయి. సర్కారు వాళ్ళు గట్లు కొట్టేశారు. చేపలతో తలనొప్పి ఇక చాలనుకున్నారు, పిల్లల్ని నమ్ముకున్నారు. చేపలకైతే మేత మనం కొని వెయ్యాలి, ఇక్కడ ఎవరి మేత వాళ్ళే కొనుక్కుంటారు కదండీ. పేరు విషయంలో కూడా బాగా ఆలోచించారు. గూడబాతు అంటే స్టయిల్‌గా ఉండదని పెలికన్ అన్నారు. లోపలున్న కొబ్బరిచెట్లు కొట్టించేసి, వాటి స్థానంలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పాతించారు. ఇవి కాయలు రాల్చవట. నీడ కూడా ఇవ్వవు, ఆ సంగతి బ్రోచర్లో వెయ్యలేదు.

మేనేజర్ ఉదయ్ కిరణ్ గారు. కుర్రాడే, ఎంబీఏ చదివాడు. ‘ఏడుపు లేని లోకం’ అని మా పార్కుకి నినాదం పెట్టింది ఆయనే. ఐదేళ్ళ లోపు పిల్లల కోసం ‘బుడతల లోకం’ అని ఒక సెక్షను కట్టించాడు. కింద రబ్బరు మ్యాట్లు, చీలమండల లోతు నీళ్ళు, చిన్న చిన్న జారుడుబల్లలు, నాలుగు మూలలా పొగమంచులా నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు. ఆ సెక్షనులో ఆయా మన సూరమ్మ.

సూరమ్మది కొల్లేటికోట. యాభై మూడేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, చేతులు మాత్రం మగవాళ్ళ చేతుల్లా బలంగా ఉంటాయి. ఇరవై రెండేళ్ళపాటు ఆవిడ చేసిన పని సీడు వెంట వెళ్ళడం. సీడంటే చెరువుల్లో పెంచడానికి వేసే చేపపిల్లలండీ, వేలిగోరంత ఉంటాయి. వాటిని నీళ్ళు నింపిన లారీలో ఊరు దాటించేవారు. దారిపొడుగునా ఇద్దరు ఆడవాళ్ళు అంచుమీద కూర్చుని అరచేతులతో నీళ్ళు కొడుతూ ఉండాలి. అలా కొడితేనే నీళ్ళలో గాలి కలిసేది, పిల్ల బతికేది. చెయ్యి ఆగిందా, చెరువు చేరేసరికి సగం తేలిపోయేవి. తర్వాత ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులొచ్చాయి. చేతులతో పని తప్పింది, సూరమ్మకి ఉద్యోగమూ తప్పింది. భాస్కరరావు గారు తన చెరువులకి సీడు తెచ్చిన పాత మనిషే కదా అని పార్కులో వేయించారు.

ఆవిడకి తెలిసిందల్లా రెండే సూత్రాలు. పొద్దెక్కాక సీడు కదపకూడదు, అది మొదటిది. రెండోది ఓసారి నా కిటికీ దగ్గర మంచినీళ్ళు తాగుతూ చెప్పింది.

“గంతులేసే పిల్ల గురించి బెంగ పడక్కర్లేదు కెజియమ్మా. మూలకి చేరి కదలకుండా ఉందే, దాన్ని చూసుకోవాలి.”

చేపల గురించి చెబుతోందనుకున్నాను. కాదు, బుడతల లోకం గురించి చెబుతోంది.

ఆవిడ డ్యూటీ ఎలా ఉండేదంటే, గోల పెట్టే పిల్లల వంక కన్నెత్తి చూసేది కాదు. కిందపడి దొర్లి దొర్లి ఏడుస్తున్నా “ఏడవనివ్వండి, ఓపికుంది వాడికి” అనేది. బుద్ధిగా కూర్చున్న బిడ్డ కనబడితే మాత్రం ఒక్క పరుగు. పిల్లల తోపుడు బండిలో పసివాణ్ణి పడుకోబెట్టి, ఎండ తగలకూడదని మందపాటి తువ్వాలు కప్పుతారు చూడండి తల్లులు, ఆ తువ్వాలు లాగి పారేసేది. “లోపల వాడు ఉడికిపోతున్నాడు తల్లీ!” అనేది. మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. ఆ పైన అరికాలి మీద వేలితో ఠక్కున ఒకటి కొట్టేది. బిడ్డ కెవ్వుమంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. “హమ్మయ్య! ఏడువు నాన్నా, గట్టిగా ఏడువు!” అని తల్లి చేతికిచ్చి వెళ్ళిపోయేది. ఏడుపు లేని లోకంలో ఇదండీ మా ఆయా చేసే పని.

మొదటి కంప్లయింటు తాడేపల్లిగూడెం వాళ్ళది. ఏడుగురు పెద్దవాళ్ళు, తొమ్మిది నెలల పాప, టైము పదకొండున్నర. సూరమ్మ గేటు దగ్గరే ఎదురెళ్ళి పాప తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

“ఇంత ఎండలో పసిగుడ్డుని తెచ్చారేంటి తల్లీ? ఇంటికి తీసుకుపొండి. సాయంత్రం రండి, నేనే ఎత్తుకుని ఆడిస్తాను.”

ఆ పాప తాతగారు నా కిటికీ దగ్గరికి వచ్చి, “ఏవండీ, టిక్కెట్టు కొని లోపలికొస్తే ఇంటికి పొమ్మంటారేంటండీ మీ స్టాఫు?” అని నిలదీశారు. మర్యాదగానే అరిచారు లెండి. మర్యాదగానే రాసుకున్నాను.

రెండోది భీమడోలు నుంచి వచ్చిన ఒకావిడది. “బాబు హాయిగా నిద్రపోతుంటే ఆయా వచ్చి కాలిమీద కొట్టి ఏడిపించింది.” అదీ రాశాను. అబద్ధమేమీ లేదుగా.

ఉదయ్ కిరణ్ పుస్తకం చూసి, సూరమ్మని పిలిచి, “మూడోది వస్తే ఇంటికే” అన్నాడు.

ఆవిడ బెదిరిపోతుందనుకున్నాను. బెదరలేదు సరికదా, ఎలాగూ వచ్చాను కదా అని ఎదురు అర్జీ పెట్టింది. “బాబూ, పదకొండు నుంచి నాలుగు దాకా పసిపిల్లల సెక్షను మూసెయ్యండి. మీకు పుణ్యముంటుంది.”

“మనకి జనం వచ్చేదే ఆ టైములో సూరమ్మగారూ. అయినా మిస్ట్ ఫ్యాన్లు పెట్టాం కదా.”

“ఆ ఫ్యాన్లతో చెమట ఆరట్లేదు బాబూ. ఇడ్లీ పాత్రలో కూర్చోబెట్టినట్టుంది.”

“దుబాయ్‌లో కూడా ఇవే వాడతారండీ.”

“అక్కడ కొల్లేరుందా?”

ఆయన ఫోన్ తీసి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. మా వైపు గాలే తడిగాలి, అందులో ఇంకాస్త తడి చిమ్మితే ఒళ్ళు చల్లబడుతుందా, జిడ్డు కారుతుందా చెప్పండి. కానీ జవాబు లేనివాళ్ళకే పట్టుదల ఎక్కువ. సెక్షను మూయలేదు. సూరమ్మ కూడా పట్టు వదల్లేదు. రోజూ పొద్దున్న ఆయన బండి దిగేసరికి ఎదురెళ్ళి అదే మాట. నమస్కారం చేసినట్టే చెప్పేది, “పదకొండు నుంచి నాలుగు, బాబూ.” ఉద్యోగం పోతుందని నేను భయపడ్డాను గానీ, ఆవిడ భయమంతా ఏదో ఒక రోజు ఎవరి బిడ్డో తన చేతుల్లోనే పోతుందని.

మోటారు షెడ్డు వెనకాల ఒక్క వేపచెట్టు మిగిలింది, కొట్టేవాడు మర్చిపోయాడో ఏమో. సూరమ్మ దాని కింద రెండు గోనెపట్టాలు తడిపి వేలాడదీసి, కింద తుంగచాప పరిచింది. వాడిపోయిన పిల్లల్ని అక్కడికి చేరేసేది. పార్కు లుక్ పాడవుతోందని ఉదయ్ కిరణ్ రెండుసార్లు పీకించాడు. మూడుసార్లు కట్టింది.

ఇలా ఉండగా మే నెల రెండో ఆదివారం భాస్కరరావు గారి మనవడి మొదటి పుట్టినరోజు వచ్చింది. ఫంక్షను మన పార్కులోనే, బుడతల లోకంలోనే. కేకు కొయ్యడానికి అభిజిత్ లగ్నం పెట్టించారు. కేకుకి లగ్నమేంటని అడక్కండి, నేనూ అడగలేదు. అభిజిత్ లగ్నమంటే నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడే కదండీ. ఆ బిడ్డకి మెరూన్ రంగు వెల్వెట్ షేర్వాణీ, జరీ తలపాగా, కాళ్ళకి ముఖమల్ జోళ్ళు. నోరు తెరిచిన పెలికన్ ఆకారంలో సింహాసనం చేయించి, ఆ నోట్లో కూర్చోబెట్టారు. పైన డ్రోన్ తిరుగుతోంది. ఆ రోజుకి సూరమ్మ అటువైపు కనబడకూడదని ఉదయ్ కిరణ్ ఆర్డరు వేశాడు.

పదకొండున్నర నుంచి బాబు ఒకటే ఏడుపు. గిలకలూపారు, బెలూన్లు పేల్చారు, ఊహూ. పన్నెండు దాటాక ఠక్కున ఊరుకున్నాడు. భాస్కరరావు గారి భార్య జ్ఞానప్రసూనాంబ గారు అందరికీ వినబడేలా, “చూశారా, కెమెరా చూసేసరికి ఎంత బుద్ధిగా కూర్చున్నాడో! అచ్చం వాళ్ళ తాతే!” అన్నారు. కోడలు తేజశ్రీ మాత్రం, “పొద్దున్నుంచీ పాలు తాగలేదు అత్తయ్యా” అంది. “సంబరంలో ఆకలేస్తుందేంటే?” అన్నారీవిడ. ఫోటోగ్రాఫరు కూడా ఇంత కదలని పిల్లాణ్ణి నేనెక్కడా చూడలేదండీ అని మెచ్చుకున్నాడు.

సూరమ్మ బిందె పట్టుకుని నా గది పక్కనున్న పంపు దగ్గరికి వచ్చింది. అటు చూసింది.

“వాడు ఊరుకుని ఎంతసేపయిందమ్మా?”

“పావుగంటేమో.”

బిందె అక్కడే వదిలేసింది. వద్దని చెబుదామని నోరు తెరిచాను, ఆవిడ అప్పటికే సగం దూరం వెళ్ళిపోయింది. పట్టుచీరల మధ్యనుంచి తోసుకుంటూ వెళ్ళి, బాబు జోడు ఊడబీకి, అరికాలి మీద ఠక్కున కొట్టింది. ఏడవలేదు. ఇంకోటి కొట్టింది. ఏడవలేదు. 

“పెద్దింట్లమ్మా!” అని వాళ్ళ ఊరి అమ్మవారిని తలుచుకుని ఒక్క కేక పెట్టి, ఆ పెలికన్ నోట్లోంచి బిడ్డని లాగేసుకుని వేపచెట్టు వైపు పరుగెత్తింది. తలపాగా కేకులో పడింది. వెనకాల భాస్కరరావు గారు, “ఏయ్, ఏయ్!” అంటూ పరుగు. ఆయన వెనక చుట్టాలు. ఉదయ్ కిరణ్ పరుగెడుతూనే నా కిటికీ వైపు తిరిగి, “కెజియా! మూడోది! రాయండి!” అని అరిచాడు. పెన్ను నా చేతిలోనే ఉంది. దాన్ని అక్కడ పడేసి మైకు అందుకున్నాను. “భాస్కరరావు గారి డ్రైవరు వెంటనే కారు మోటారు షెడ్డు దగ్గరికి తేవాలి, ఏసీ వేసి ఉంచాలి” అని మూడుసార్లు చెప్పాను. నేనేం కంప్లయింట్లు రాయడానికే పుట్టానా?

చెట్టు కిందకి నేను చేరేసరికి వెల్వెట్ అంతా ఊడదీసేసి ఉంది. బిడ్డ ఒళ్ళు ఎర్రగా ఉంది, చెమట చుక్క లేదు. సూరమ్మ తన పైట తడిపి మెడ, చంకలు, గజ్జలు తుడుస్తోంది. “విసరమ్మా!” అంటే తేజశ్రీ కేకు అట్టపెట్టె మూత పట్టుకుని విసురుతోంది, ఏడుస్తూ. ఉదయ్ కిరణ్ కూల్‌డ్రింకుల దగ్గర్నుంచి ఐసు బకెట్టు మోసుకొచ్చాడు.

“ఐసులో ముంచండి!”

“ఐసులో పెట్టేది చచ్చిన చేపల్ని బాబూ. అవతల పెట్టు.”

మామూలు నీళ్ళే. తుడవడం, విసరడం. ఎంతసేపో నాకు తెలీదు. ప్రభువా, ప్రభువా అనుకోవడం తప్ప నాకేం చెయ్యాలో తోచలేదు. చివరికి బాబు మూతి వంకర పెట్టాడు, చిన్నగా మూలిగాడు, ఆపైన ఎత్తుకున్నాడండీ రాగం! అంత పెద్ద ఏడుపు మా పార్కులో ఎప్పుడూ వినలేదు. సూరమ్మ, “ఏడువయ్యా మారాజా, ఏడువు” అంటూ తనూ ఏడ్చేసింది. కారులో ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు రోజులుంచుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నారట డాక్టరు గారు.

మూడో రోజు భాస్కరరావు గారు శాలువా పట్టుకుని వచ్చారు. స్టాఫందరినీ నిలబెట్టి ఆవిడకి కప్పారు. మిట్టమధ్యాహ్నం, ఉన్ని శాలువా. “ఏం కావాలో అడుగు సూరమ్మా” అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. నిజంగానే ఏడ్చారండీ, అది నటన కాదు.

సూరమ్మ తడుముకోలేదు. “పదకొండు నుంచి నాలుగు దాకా పసిపిల్లల సెక్షను మూయించండి బాబుగారూ.”

“నీ మాట తీసేస్తానా సూరమ్మా!” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనైతే ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ పాటలు పాడుకున్నాను.

శుక్రవారానికి హైవే మీద ఫ్లెక్సీ లేచింది. ఇరవై అడుగులది. ఆ రోజు డ్రోన్ తీసిన ఫోటోలో సూరమ్మ మొహం, చేతుల్లో బొద్దుగా నవ్వే బాబు, ఈ బాబు వేరే ఎక్కణ్ణుంచో తెచ్చి అంటించిన బాబు. కింద అక్షరాలు: ‘ఎండలకు భయమెందుకు? మా సూరమ్మమ్మ ఉందిగా!’ బుడతల లోకం టైమింగులు పది నుంచి ఆరు దాకా, మధ్యాహ్నం పూట పసిపిల్లల తల్లులకి ప్రత్యేక స్వాగతం.

అదే రోజు జ్ఞానప్రసూనాంబ గారు నాకు ఫోన్ చేశారు. “కెజియా, ఇకమీద మా ఇంటి పిల్లలెవర్నీ సాయంత్రం అయిదు లోపు పార్కులోకి రానివ్వకమ్మా. ఆయన గట్టిగా చెప్పమన్నారు.”

“అలాగేనండీ. మరి బుడతల లోకం మూసేస్తున్నారాండీ?”

“అయ్యో, అదెందుకమ్మా? సూరమ్మ ఉందిగా!”

ఫోన్ పెట్టేసి ఏం తిట్టానో ఇక్కడ రాయను, ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని.

ఆ ఆదివారం జనం రెట్టింపు. ఇదివరకు ఎండకి జంకి ఇంట్లో ఉన్న తల్లులు కూడా చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చేశారు. “ఆవిడేనా? ఆవిడేనా?” అని సెల్ఫీలు దిగారు. తర్వాత బిడ్డని సూరమ్మ ఒళ్ళో పెట్టి, “మీరున్నారుగా, మాకు బెంగ లేదు. ఒక్క పది నిమిషాలు అలల కొలనులోకి వెళ్ళొస్తాం” అని వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా పది నిమిషాలకి రాలేదు. రెండు గంటలయ్యేసరికి వేపచెట్టు కింద పదకొండుమంది. ఉదయ్ కిరణ్ స్వయంగా అక్కడో బోర్డు కూడా పాతించాడు, ‘సూరమ్మమ్మ కూల్ కార్నర్’ అని. ఒకణ్ణి తుడుస్తుంటే ఇంకొకడు వాంతి చేసుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు కదలడం లేదు, ఎవరి కాలు ముందు కొట్టాలో తెలియక ఆవిడ ఒక్క క్షణం అలా నిలబడిపోయింది. నేను కౌంటరు వదిలేసి వెళ్ళి ఒకణ్ణి పట్టుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ రోజుకి.

సాయంత్రం సూరమ్మ వచ్చి నా కిటికీ దగ్గర నిలబడింది. “రేపట్నుంచి నేను రానమ్మా” అంది.

“అదేంటి? మీరు లేకపోతే ఈ పిల్లలేమైపోతారు?”

“నేనున్నానని వస్తున్నారు కెజియమ్మా. నేను లేకపోతే సగం మందైనా ఇళ్ళల్లో ఉంటారు. ఒక లారీకి ఇద్దరం కూర్చుంటే సీడు బతికేది. ఒక్కదాన్నే కూర్చోబెట్టి పది లారీలు నింపితే ఎలా?”

వెళ్ళేముందు భాస్కరరావు గారిని కలిసి, కనీసం ఆ ఫోటో అయినా తీయించమని అడిగింది. ఆయన నొచ్చుకున్నారు. “నీ ఫోటో తీసేస్తే నీకు అవమానం కదూ సూరమ్మా! నేను బతికుండగా తియ్యనివ్వను” అన్నారు. అన్న మాట నిలబెట్టుకున్నారు.

ఆవిడ వెళ్ళి పన్నెండు రోజులైంది. ఉదయ్ కిరణ్ మాకు ట్రైనింగిచ్చాడు, ఎవరైనా అడిగితే “లోపల ఉన్నారండీ” అనాలని. మొన్న మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకమ్మాయి వచ్చింది, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. చంకలో ఏడెనిమిది నెలల పాప. పక్కన మొగుడు. “సూరమ్మగారు ఉన్నారాండీ?” అంది. ఉదయ్ కిరణ్ నా వెనకే నిలబడి ఉన్నాడు.

“లోపల ఉన్నారండీ” అన్నాను.

అనేశానండీ. ఉద్యోగం కోసం అన్నాను. వాళ్ళు టిక్కెట్లు తీసుకుని గేటు దాటారు. ఆ పాప తల తల్లి భుజం మీద వాలిపోయి ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. కుర్చీ తోసేసి, వెనక నుంచి “కెజియా, ఎక్కడికి?” అని పిలుస్తున్నా వినిపించుకోకుండా పరుగెత్తి ఆ అమ్మాయిని ఆపాను.

“లేరండీ. అబద్ధం చెప్పాను. సూరమ్మగారు మానేశారు. ఈ ఎండలో పాపని ఉంచకండి, ఇంటికి తీసుకెళ్ళిపోండి.”

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. నా వగర్పు చూసింది. కంగారుపడి వచ్చానని అర్థమైంది కాబోలు, ఎంతో కృతజ్ఞతగా నవ్వింది.

“అయ్యో, పర్లేదండీ. మీరున్నారుగా!”

అని పాపని నా చేతుల్లో పెట్టేసి, మొగుడి చెయ్యి పట్టుకుని జారుడుబల్లల వైపు వెళ్ళిపోయింది. “ఏవండీ, ఏవండీ!” అని ఎంత పిలిచినా ఆ మ్యూజిక్‌లో వినబడలేదు.

నాకు పెళ్ళి కాలేదు, పిల్లల్ని పెంచలేదు. పాప ఒళ్ళు నా చేతులకి తగిలి కాలుతోంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఎండలో అలాగే నిలబడి ఒంటిచేత్తో ఫోన్ తీసి సూరమ్మకి కలిపాను. రెండో రింగుకే ఎత్తింది. మొదలుపెట్టాను, ఉదయ్ కిరణ్ ఇలా చెప్పమన్నాడనీ, నేనిలా చెప్పాననీ, వాళ్ళమ్మ ఇలా వదిలేసి పోయిందనీ.

“అవన్నీ తర్వాత చెబుదువు గానమ్మా” అంది సూరమ్మ. “ముందు నీడలోకి నడు.”